వాన వెలిసి ఎండ కాస్తే పత్తికి నల్లమచ్చ తెగులు.. ఎలా గుర్తించాలి? ఎవరిని అడగాలి?

ఊళ్లో అమ్మానాన్నలు పత్తి వేశారా? మచ్చలు పడ్డ ఆకు ఫొటో వాట్సాప్‌లో పంపి 'ఏం మందు కొట్టాలి?' అని అడిగారా? ముందు, అక్కడ నాలుగు రోజులుగా వాతావరణం ఎలా ఉందో కనుక్కోండి.

వానకూ తెగులుకూ సంబంధమేంటి?

నల్లమచ్చ తెగులుకు కారణం క్సాంథోమోనాస్ అనే బ్యాక్టీరియా. ఇది విత్తనంలో, పొలంలో మిగిలిన పాత పత్తి ఆకుల్లో, కట్టెలో దాగి ఉంటుంది. వాన చినుకులు చిందినప్పుడు, దానికి గాలి తోడైనప్పుడు పక్క మొక్కలకు చేరుతుంది. తడి ఆకుపై ఉన్న సూక్ష్మరంధ్రాలు, గాయాల గుండా లోపలికి వెళ్తుంది. గాలిలో తేమ 85 శాతం దాటి, ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు అటూఇటూగా ఉంటే వేగంగా వ్యాపిస్తుంది. పొడి వాతావరణంలో నెమ్మదిస్తుంది.

కడప జిల్లాలో ఎప్పుడు జాగ్రత్తపడాలి?

ఇడుపులపాయ, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో ఈశాన్య రుతుపవనాల వానలూ పడతాయి. అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడితే రెండు రోజులు ముసురు పట్టి, ఆ వెంటనే ఎండ కాస్తుంది. తెగులుకు ఇదే అనువైన సమయం. ఖరీఫ్ పత్తి అప్పటికి కాయ దశలో ఉంటుంది. కాయకు తెగులు సోకితే కుళ్లుతుంది, దూది రంగు మారి ధర పడిపోతుంది.

ఎలా గుర్తించాలి?

ఆకు అడుగున నీటిలో తడిసినట్టు చిన్న మచ్చలు వస్తాయి. ఈనెల మధ్య ఆగిపోవడంతో అవి కోణాకారంలో ఉండి, తర్వాత నల్లబడతాయి. మచ్చ గుండ్రంగా, లోపల వలయాలతో ఉంటే అది శిలీంధ్ర తెగులు కావచ్చు.

ఏం చేయాలి?

* పురుగుమందు కొడితే ఖర్చే తప్ప ఫలితం ఉండదు.
* పది లీటర్ల నీటికి 30 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పిచికారీ చేయవచ్చు. వాన సూచన ఉన్న రోజు వద్దు, మందు కొట్టుకుపోతుంది.
* నిలిచిన నీటిని బయటకు తీయాలి. యూరియా మోతాదు మించకూడదు.
* పంట అయ్యాక కట్టెను పొలంలో ఉంచకూడదు.

ఉచితంగా సలహా ఎక్కడ?

వాతావరణ శాఖ 'మేఘదూత్' యాప్‌లో మీ జిల్లాను ఎంచుకుంటే వాన సూచన, పంట సలహాలు కనిపిస్తాయి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మందు కొనేముందు నాన్నను ఆ ఆకు తీసుకుని ఊళ్లోని రైతు సేవా కేంద్రానికి వెళ్లమనండి.