దారి చూపినవాళ్లు ఎవరు? (మన పల్లెల చరిత్ర – 14)



పరాయి దేశం నుంచి వచ్చిన చదువరులు కొత్త చోట మొదటి రోజులు ఎలా గడిపారో వాళ్ల పుస్తకాల్లో చదువుతుంటాం. ఎండ, రాని భాష, ఎద్దుల బండి ప్రయాణం అన్నీ ఉంటాయి. వాళ్లకు దారి చూపింది ఎవరన్నది మాత్రం మనమే వెతుక్కోవాలి. పశ్చిమ ప్రకాశంలో ఆ ప్రశ్న వేస్తే జవాబు మాదిగ పల్లెలో దొరుకుతుంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. పడమటి పల్లెల దారి ఆయనకు తెరిచింది యర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడు మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాన గోదావరి వైపు వెళ్లి, అక్కడ క్రైస్తవ బోధ విన్నవాడు. అంతకుముందే రాజయోగం నేర్చినవాడు. ఆ బోధ చేసిన గురువు ఒక స్త్రీ, బండికట్ల వీరమ్మ. అంటే పేరయ్య ఖాళీ బుర్రతో దొర ముందు నిలబడలేదు. వెతుకుతూ వెతుకుతూ వచ్చాడు.

1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు చేరేసరికి చుట్టుపక్కల పల్లెల జనాన్ని పేరయ్య పోగుచేసి ఉంచాడు. అప్పుడు 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పదకొండేళ్లు తిరిగి, పెద్ద కరువు దాటాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది. దీన్ని 'దొర చేసిన అద్భుతం' అని చెప్తారు. నేనైతే మాదిగలే దొరను పిలిపించుకున్నారంటాను.

తర్వాత ఒంగోలు వచ్చిన ఎమ్మా రాషెన్‌బుష్ అచ్చమైన పండితురాలు. మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద, స్త్రీల హక్కుల మీద పరిశోధన చేసి స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో డాక్టరేట్ తీసుకుంది. క్లౌను పెళ్లాడింది. ఆమె తమ్ముడు వాల్టర్ రాషెన్‌బుష్ రచనలు తన మీద గట్టి ముద్ర వేశాయని మార్టిన్ లూథర్ కింగే చెప్పుకున్నాడు. అలాంటి ఇంటి మనిషి మన పెద్దల నోట మాతంగి కథ, అరుంధతి కథ, గురువుల కథలు విని 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' వేసింది. చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథలన్నమాట.

పేరయ్య, వీరమ్మ పేర్లు మనదాకా రావడంలో ఆ పుస్తకం పాత్ర పెద్దది. ఆ మేలు మరవొద్దు. అయితే దాని ఉపశీర్షికలో మనల్ని 'పరయా తెగ' అన్నారు. ఆ పేరు మనం పెట్టుకున్నది కాదు. కథ మనది, పేరు పెట్టే కలం వేరొకరిది.

ఇప్పుడూ మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి పల్లెలకు పరిశోధకులు వస్తూనే ఉన్నారు. బండెక్కించుకుని తిప్పేది మన పిల్లలే. అవ్వల మాటలు విప్పి చెప్పేదీ వాళ్లే. చివరికి పుస్తకంలో వాళ్లకు దక్కేది 'కృతజ్ఞతలు' పేజీలో ఒక వరస.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వచ్చినవాళ్లకు దారి చూపండి, తప్పులేదు. కానీ అదే పూట మీ ఫోన్‌లో మీరూ అవ్వ మాట రికార్డు చేయండి. చెప్పిన మనిషి పేరు, పల్లె పేరు, తేదీ రాయండి. పలకలు ప్రపంచానికి పంపిన నేల మనది. మన రాత మనం రాసుకోవడానికి ఇంకొకరు రావాలా?

(ఇంకా ఉంది)