ములికి ఖరీదు

మా ఇంజనీరింగ్ రూమ్మేట్ ఒకడు మిషిగన్‌లో ఉంటాడు. కాలేజీలో ఉండగా హాస్టల్ గదిలో ఎలుక కనిపిస్తే మంచమెక్కి కూర్చునే రకం. అలాంటివాడు ఈ మధ్య తన అమెరికన్ మేనేజరుతో కలిసి విల్లంబులతో జింకల వేటకు బయల్దేరాడు. అక్కడ అక్టోబర్ 1న సీజన్ మొదలవుతుందట, లైసెన్సు తీసుకుని చట్టప్రకారమే వేటాడతారు. ఒక రాత్రి చాట్‌లోకొచ్చి, "రేయ్, మీది తిరుపతి కదా, కన్నప్ప మీ పక్కూరివాడే కదా, బాణం ముక్కు ఏది కొనాలో చెప్పబ్బా. మూడింటికి నలభై డాలర్లంటున్నారు, ఇంత చిన్న ఇనప ముక్కకి!" అని మొదలెట్టాడు.

నేను ఎగతాళి చేసి వదిలేద్దామనుకున్నా. కానీ ఆ ప్రశ్న బుర్రలో ఉండిపోయింది. బాణం మొత్తమ్మీద ఖరీదైంది కొసనున్న ఆ చిన్న ముక్కే ఎందుకవ్వాలి? కాస్త వెతికితే తెలిసిందేంటంటే, ఇది కొత్త గోల కాదు. మనవాళ్ళకీ వేల ఏళ్ళుగా ఇదే లెక్క.

ముందు మాట. దీనికి తెలుగులో చక్కటి పదాలున్నాయి: ములికి, అలుగు. బాణానికి కోల అనీ, అమ్ము అనీ పేర్లు. కాబట్టి ఇకమీద ములికి అనే అంటాను.

రేణిగుంట అనగానే మనకి గుర్తొచ్చేది జంక్షను, అర్ధరాత్రి ఇడ్లీ. పురావస్తు శాస్త్రం చదివేవాళ్ళకి గుర్తొచ్చేది వేరు. 1960ల్లో ఎం.ఎల్.కె. మూర్తి అనే పరిశోధకుడు రేణిగుంట చుట్టుపక్కల రాతియుగపు పనిముట్లను అధ్యయనం చేసి 1968లో ప్రచురించారు. సన్నగా పొడుగ్గా చీల్చిన రాతి బ్లేడ్లు, ఉలి లాంటి బ్యూరిన్లు. మనం రైలు కోసం ఎదురు చూస్తూ విసుక్కునే చోటికి కాస్త దూరంలోనే ఎవరో కూర్చుని ఓపిగ్గా రాయిని చెక్కారన్నమాట. కర్నూలు వైపు జ్వాలాపురంలో దొరికిన చిట్టి రాతి అలుగులు దాదాపు 35,000 ఏళ్ళ నాటివని 2009లో లెక్కగట్టారు. శ్రీలంకలోని ఫాహియాన్ గుహలో అయితే 48,000 ఏళ్ళ నాటి ఎముక ములుకులు దొరికాయని 2020లో ప్రకటించారు. అక్కడి జనం వేటాడింది ఎక్కువగా కోతుల్ని, ఉడతల్ని. ఎముక కొసతో ఉడత పడుతుంది. అడవిపందో కణుజో పడాలంటే కొస ఒక్కటీ చాలదు, అంచు కావాలి.

ఇదే అసలు కిటుకు. తుపాకి గుండు దెబ్బ వేరు, బాణం దెబ్బ వేరు. బాణం చంపేది తాకిడితో కాదు, కోతతో. ఊపిరితిత్తుల్లోనో గుండెలోనో రక్తనాళాలు శుభ్రంగా తెగితే జంతువు నిమిషంలోపే కూలిపోతుంది. మొండి ములికైతే నాళాన్ని పక్కకి నెట్టి పోతుంది. జంతువు పారిపోతుంది, రెండ్రోజులు బాధపడి ఏ వాగు పక్కనో చస్తుంది. లేదా చావకుండా బతుకుతుంది, అది ఇంకా ఘోరం. ఎందుకో తర్వాత చెప్తాను.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆయుధాగారం అధికారి గురించి ఒక అధ్యాయం ఉంది. అందులో ములుకులు ఇనుముతో, ఎముకతో, కర్రతో ఉంటాయనీ, వాటి పని కోయడం, చీల్చడం, కొట్టడం అనీ రాశాడు. మనవాడికి ఈ ముక్క పంపిస్తే, "మరి ఇక్కడ దుకాణంలో ఇరవై రకాలెందుకున్నాయి?" అన్నాడు. ఇరవై రకాలూ ఆ మూడింటి పిల్లలే నాయనా!

ఇంక గురి సంగతి. ఇక్కడ నాలోని ఇంజనీరు నిద్ర లేచాడు, భరించండి :) ప్రాక్టీసుకి వాడే గుండ్రటి ములికి తిన్నగా పోతుంది. అదే బరువున్న వేట ములికి తగిలించి అదే విల్లుతో వేస్తే జానెడు పక్కకి పోవచ్చు. కారణం అలుగులు. వెనకున్న ఈకలు బాణాన్ని నిలకడగా ఉంచుతుంటే, ముందున్న వెడల్పాటి అలుగులు కూడా రెక్కల్లా గాలిని పట్టుకుంటాయి. బాణం వింటి నుంచి రవ్వంత వంకరగా బయల్దేరినా ముందు రెక్కలు దాన్ని తమ వైపు లాక్కుపోతాయి. బరువు తేడా వస్తే ఇంకో తంటా. ముందు బరువు పెరిగేకొద్దీ కాండం ఎక్కువ వంగుతుంది, గమనం మారుతుంది. అక్కడ మామూలుగా వాడేది 100 గ్రెయిన్ల ములికి, అంటే ఆరున్నర గ్రాములు. మంచి కంపెనీ ములుకులు ఒకదానికీ ఒకదానికీ ఒకటి రెండు గ్రెయిన్లకు మించి తేడా రావు. వాడు కట్టే నలభై డాలర్లలో చాలా భాగం పదునుకి కాదు, మూడూ ఒకేలా ఉన్నందుకు.

గాలిలో ముడుచుకుని, తగలగానే విచ్చుకునే మరలున్న ములుకులు కూడా ఉన్నాయి. తిన్నగా పోతాయి, నిజమే. కానీ విచ్చుకోవడానికే కొంత శక్తి ఖర్చవుతుంది. ఎల్క్, మూస్ లాంటి పెద్ద జంతువులకి అందుకే చాలామంది కదిలే భాగాల్లేని, రెండే అలుగులున్న గట్టి ములికినే నమ్ముతారు. మార్చుకునే అలుగులతో ఫ్రెడ్ బేర్ అనే ఆయన 1956లో రేజర్‌హెడ్ తెచ్చాక అక్కడ ఇదొక పెద్ద వ్యాపారమైపోయింది. అంతకు ముందు సంగతి చెప్పాలంటే ఇషీ గురించి చెప్పాలి. కాలిఫోర్నియాలో తన యాహీ జాతి మొత్తం నాశనమయ్యాక మిగిలిన ఒక్కడు, 1911లో అడవి నుంచి బయటికొచ్చాడు. సాక్స్టన్ పోప్ అనే డాక్టరు అతని దగ్గర విలువిద్య నేర్చుకున్నాడు. ఇషీ పారేసిన సీసాల గాజుతో అద్భుతమైన ములుకులు చెక్కేవాడు. అతని విద్యతో అమెరికాలో వేట ఒక క్రీడగా మళ్ళీ పుట్టింది. అతను మాత్రం 1916లో క్షయతో పోయాడు.

మన దగ్గర కథ కూడా దాదాపు ఇంతే.

హైమెన్‌డార్ఫ్ 1943లో నల్లమల చెంచుల మీద పుస్తకం రాశాడు. అడవిలో వెదురు ఉచితం, ఈకలు ఉచితం, నార ఉచితం. ఇనప ములికి మాత్రం మైదానంలోని కమ్మరి కొలిమి నుంచి రావాల్సిందే. అంటే మిషిగన్‌లో మనవాడి సమస్య, నల్లమల చెంచు సమస్య ఒకటే: కాండం చవక, కొస ప్రియం. కొన్న ములికిని ఎన్నిసార్లు సానబెట్టుకుని వాడగలిగితే అంత గిట్టుబాటు.

అన్నట్టు కన్నప్ప. పన్నెండో శతాబ్దంలో సేక్కిళార్ రాసిన పెరియ పురాణంలోనూ ఉన్నాడు, పదహారో శతాబ్దంలో మన ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలోనూ ఉన్నాడు. 1954లో రాజ్‌కుమార్, 1976లో కృష్ణంరాజు తెర మీద కన్నప్పలయ్యారు. కథ అందరికీ తెలుసు. కానీ తమిళ కథలో ఒక వివరం నన్నెప్పుడూ పట్టి లాగుతుంది. కన్ను పెకలించడానికి తిన్నడు వాడింది బాణమే. ఈ సంగతులన్నీ చదివాక ఆ దృశ్యం నాకు భక్తి కంటే ముందు భయం పుట్టించింది. అది మంచి పదునున్న ములికే అయ్యుండాలి.

కన్నప్పని కొండెక్కించి కొలిచాం. అతనిలా బతికినవాళ్ళని ఏం చేశాం? 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులు సర్కారువయ్యాయి. 1911 తర్వాత నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలోకొచ్చింది, ఎరుకల వాళ్ళు పుట్టుకతోనే దొంగలైపోయారు. 1952లో ఆ చట్టం పోయినా మచ్చ పోలేదు. ఇప్పటికీ అహోబిలం పారువేటలో చెంచులు పల్లకీ మీదకి బాణాలేసి మొదలుపెడతారు. కనుమ నాడు తిరుమల పారువేటలో అయితే స్వామి తరఫున అర్చకులు ఈటె విసురుతారు. విద్య ఉత్సవానికి మిగిలింది, మనుషులు అడవి బయట మిగిలారు.

అలాగని వేట మళ్ళీ రావాలని నేననను. 1972 వన్యప్రాణి చట్టం, 1991 సవరణ తర్వాత మన దేశంలో విల్లుతో వేట నేరం. అలాగే ఉండాలి కూడా. మిషిగన్‌లో జింకలు లెక్కకు మించి ఉన్నాయి, శేషాచలంలో లేవు.

చావని జంతువు సంగతి తర్వాత చెప్తానన్నాను కదా. కెన్నెత్ ఆండర్సన్ 1954లో వేసిన పుస్తకంలో చామల లోయ పులి కథ ఉంది. అది భాకరాపేట దగ్గరి అడవి. మా తాత ఊరు ఆ వైపే. ఆండర్సన్ గానీ, కుమావూఁలో కార్బెట్ గానీ మళ్ళీ మళ్ళీ చెప్పేదొకటే: చాలా పులులు మనిషిని పట్టడానికి కారణం పాత గాయం. ఎవడో చవక మందు కూరిన నాటు తుపాకీతో సగం కొట్టి వదిలేస్తాడు, మూల్యం ఊరు చెల్లిస్తుంది. మా తాత కూడా గాయపడిన పంది జొన్నచేలో దూరిందంటే ఆ వారం ఎవరూ ఒంటరిగా పోయేవాళ్ళు కాదని చెప్పేవాడు. ఇప్పుడు మా వైపు పందుల కోసం పెట్టే నాటు బాంబులు, కరెంటు తీగలు ఇంకా చవక. వాటికి గురి అనేదే లేదు. పంది కొరికితే పంది, ఆవు కొరికితే ఆవు. పలమనేరు వైపు ఏనుగులు తీగకి తగిలి పోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు.

చివరికి మా రూమ్మేట్ మరల ములుకులు కాదనుకుని, రెండలుగుల కార్బన్ స్టీల్‌వి కొన్నాడు. ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి సానబెట్టుకోవచ్చని. బల్ల మీద కొస ఆనించి తిప్పి వంకరుందేమో చూసుకోమన్నాను. నాలుగింట్లో ఒకటి ఊగింది, వాపసు చేశాడు. మొదటి రెండు వారాలు జింక ముప్పై గజాలకి దగ్గరగా రాలేదని బాణమే వదల్లేదట. అది విని వాడి మీద కాస్త గౌరవం పెరిగింది.

నిన్న మళ్ళీ అడిగాడు, ఆకురాయితో అంచు తీసేటప్పుడు లోపలికి రుద్దాలా, బయటికి రుద్దాలా అని. నాకేం తెలుసు? తెలిసినవాడు మా తాత ఊళ్ళో ఉండేవాడు, కొలిమి మూసేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడక్కడ మొబైల్ రీచార్జి షాపుంది.