పెన్నింగ్టన్‌ని వదులుకున్న ఏడు

దగ్గరగా జరిగి కూచో నాయనా. ఫుట్‌బాల్ అనగానే నువ్వు కాలితో తన్నే ఆటనుకుంటావు. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతి విసరడమే పెద్ద విద్య. ఆ విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. వాడు బాగుంటే టీము బాగున్నట్టు.

మేం న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉండేవాళ్లం. న్యూయార్క్ జెట్స్ అని పేరేగానీ వాళ్లాడేదీ మా న్యూజెర్సీలోనే, అదీ అప్పట్లో జెయింట్స్ పేరున్న స్టేడియంలో. 2007లో పదహారు ఆటలాడి నాలుగే గెలిచారు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ చాడ్ పెన్నింగ్టన్ భుజానికి ఒకటికి రెండుసార్లు ఆపరేషన్లయ్యాయి. బంతి మరీ దూరం పోయేది కాదు, కానీ నిదానస్తుడు. ఎదుటివాళ్ల చేతికి ఊరికే బంతి ఇచ్చేవాడు కాదు.

2008 ఆగస్టులో గ్రీన్‌బే నుంచి బ్రెట్ ఫార్వ్‌ని తెచ్చారు. మహా మొనగాడు. మార్చిలో కన్నీళ్లు పెట్టుకుని ఇక ఆడనన్నవాడు, వేసవికల్లా మనసు మార్చుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు అప్పటికి. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? ఆయన రాగానే పెన్నింగ్టన్‌ని పంపేశారు. పెన్నింగ్టన్ వెళ్లి మయామీలో చేరాడు, అంతకుముందు ఏడు ఒక్కటంటే ఒక్క ఆట గెలిచిన టీములో.

ఆ రోజుల సంగతి చెప్పాలి నీకు. వేసవిలో గ్యాలన్ పెట్రోలు నాలుగు డాలర్లు దాటి, డిసెంబరుకల్లా రెండుకు దిగువన పడింది. చౌకైందని సంతోషించడానికి లేదు, సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ బ్యాంకు మునిగాక ఎవరి ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో తెలీదు. ఇండియాకి ఫోనంటే కాలింగ్ కార్డు గీకి, అంతేసి అంకెలు నొక్కాల్సొచ్చేది. ఆట మధ్యాహ్నం ఒంటిగంటకి, అప్పటికి మనూళ్లో రాత్రి పదిన్నరో, పదకొండున్నరో. అందుకని పొద్దున్నే అమ్మానాన్నలతో మాటలు కానిచ్చి, పులిహోర గిన్నె పట్టుకుని ఎవరో ఒకరింటికి చేరేవాళ్లం. గడప దగ్గర బూట్ల గుట్ట చూస్తే చాలు, ఆట ఉందని తెలిసేది. ఆవలించకు, ఆటలోకే వస్తున్నా.

మొదటి ఆటే మయామీలో. చివరి క్షణాల్లో పెన్నింగ్టన్ విసిరిన బంతిని జెట్స్ వాడు రెవిస్ లాగేసుకున్నాడు. 20-14. ఇంకేం, మనవాళ్లకి పట్టపగ్గాల్లేవు. అరిజోనా మీద ఫార్వ్ ఆరు టచ్‌డౌన్లు, అంటే అవతలి గీత దాటించే బంతులు, విసిరాడు. నవంబరులో సెయింట్ లూయిస్ వాళ్లని 47-3తో చితక్కొట్టారు, న్యూ ఇంగ్లండ్‌ని ఓవర్‌టైములో గెలిచారు. అప్పటిదాకా ఓటమే ఎరుగని టెన్నెసీని వాళ్ల ఊళ్లోనే 34-13తో పడగొట్టారు. పదకొండు ఆటల్లో ఎనిమిది గెలుపులు! 1969 జనవరిలో జో నమత్ తెచ్చిన సూపర్ బౌల్ కప్పు మళ్లీ ఈ ఏడే వస్తుందన్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

తర్వాత డెన్వర్ చేతిలో ఓడారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడారు. బఫెలో మీద చచ్చీచెడీ గెలిచారు. సియాటిల్ మంచులో మూడంటే మూడు పాయింట్లు. ఫార్వ్ కుడిచేతి కండ నరం దెబ్బతిందని తర్వాత బయటపడింది. ఆ నొప్పితోనే విసిరాడు పాపం, ఆఖరి ఐదు ఆటల్లో రెండు టచ్‌డౌన్లు, ఎదుటివాళ్లకి తొమ్మిది బంతులు. ఆయన్ని తప్పుపట్టను. చేతిని చూసి దాచిపెట్టినవాళ్లని అంటాను. ఆ దాపరికానికి లీగు జరిమానా కూడా వేసింది.

డిసెంబరు 28న ఆఖరి ఆటకి వచ్చిందెవరనుకున్నావ్? పెన్నింగ్టన్! తాను ఏళ్ల తరబడి ఆడిన గడ్డమీదే, పరాయి చొక్కాలో. ఫార్వ్ విసిరిన ఓ బంతిని మెర్లింగ్ అనే భారీమనిషి పట్టేసి టచ్‌డౌన్‌కి పరుగుతీశాడు. పెన్నింగ్టన్ మాత్రం చిన్నచిన్న విసుర్లే, ఒక్క బంతీ పోగొట్టుకోలేదు. 24-17. మయామీ తమ గుంపులో, అంటే డివిజన్‌లో, మొదట నిలిచింది, జెట్స్ తొమ్మిది గెలుపులతో ఇంటిదారి పట్టారు. మర్నాడే కోచ్ మాంజీనీని తీసేశారు. ఫార్వ్ ఫిబ్రవరిలో మళ్లీ ఆట మానేశానన్నాడు, ఆగస్టులో మళ్లీ మిన్నెసోటా తరఫున దిగాడు. పెన్నింగ్టన్‌కి మాత్రం ఆ ఏడు, పడి లేచిన ఆటగాడికిచ్చే బహుమతి రెండోసారి వచ్చింది. నన్నడిగితే అది న్యాయమే.