గడీ, గూడెం, ఒక రాజ్యం

మా కరీంనగర్ వైపు పల్లెల్లో పాడుపడిన గడీల గోడలు ఇప్పటికీ కనిపిస్తాయి. చిన్నతనంలో ఆ గోడల పక్కగా నడిచేటప్పుడు మా తాత గొంతు తగ్గించి మాట్లాడేవాడు. దొర పోయి ఏళ్లు గడిచినా ఆ భయం పోలేదు. నిజాం మీది తిరుగుబాటును గురించి చదివినప్పుడల్లా నాకు ఆ తగ్గిన గొంతే గుర్తుకు వస్తుంది.

హైదరాబాదు సంస్థానపు భూమిలో సుమారు 60 శాతం దివానీ, 30 శాతం జాగీర్లు, 10 శాతం నిజాం సొంతానికి ఉద్దేశించిన సర్ఫ్-ఎ-ఖాస్. పేరేదైనా రైతుకు ఎదురుపడేది దొర, పటేల్, పట్వారీలే. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ: కులానికొక వెట్టి. తెచ్చుకున్న ధాన్యపు అప్పు తరం మారినా తీరదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లెవీ ధాన్యం దీనికి తోడయింది. చిన్నరైతు కొలిచాడు, పెద్ద భూస్వామి తప్పించుకున్నాడు.

ఆదిలాబాదు అడవుల్లో కథ మరోలా నడిచింది. రిజర్వు అడవి అని సర్కారు గీసిన గీత లోపల గోండుల పోడు చేలు నేరమయ్యాయి. గీత బయటి మంచి నేలకు మైదానాల నుండి వచ్చినవారు పట్టాలు పొందారు. పట్టా అంటే ఏమిటో తెలియనివాడు తన చేనులోనే పరాయివాడయ్యాడు. జోడెఘాట్ ప్రాంతపు పన్నెండు గూడేల కోసం కొమురం భీం అడిగినది ఈ నేల మీది హక్కునే. 1940లో పోలీసు కాల్పుల్లో ఆయన మరణించిన తరువాతనే, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొనే పనిని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది.

రెండు చోట్లా మొదటి కోపం రాజు మీద కాదు. కాని దొర వెనుక నిలిచిన పోలీసూ, అడవి గార్డూ, పట్వారీ దస్త్రమూ అన్నీ రాజు పేరిటనే వచ్చాయి. అందుచేతనే 1946లో కడవెండిలో దొడ్డి కొమురయ్య మరణంతో రగిలిన పోరాటం దొరతో ఆగలేదు. కరీంనగర్ జిల్లాలో అనభేరి ప్రభాకరరావు దళం ఊరూరా పట్వారీ దస్త్రాలను తగులబెట్టింది. 1948 మార్చి 14న హుస్నాబాదు దగ్గరి మహమ్మదాపురం గుట్టల్లో ఆయన నేలకొరిగాడు.

1948 సెప్టెంబరులో రాజ్యం పోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. అయినా 1978లో జగిత్యాలలో రైతుకూలీలు దొరలకు ఎదురుగా జైత్రయాత్ర తీశారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం కూడిన గోండుల మీద తుపాకులు పేలాయి. అవే రెండు జిల్లాలు. ఈసారి రాజు లేడు.

సెప్టెంబరు 17ను విమోచనమనాలా, విలీనమనాలా అని వాదించుకొనే వేళ నాకు మరొక ప్రశ్న తోస్తుంది. రాజు మీదికి జనాన్ని నడిపించిన కారణాలు ఆయనతో పాటే పోయాయా? మా తాత గొంతు మాత్రం ఆ గోడల దగ్గర చివరిదాకా పెరగలేదు. మీ ఊరి పెద్దలు ఈ సంగతిని ఎలా చెప్పేవారో తెలుసుకోవాలని ఉంది.