హాకు

జపాన్ దర్శకుడు హయావో మియజాకి 2001లో తీసిన యానిమేషన్ చిత్రం ‘స్పిరిటెడ్ అవే’లో పేరు మరిచిన నదీదేవత. దేవతల స్నానశాల నడిపే మంత్రగత్తె యుబాబా పనిలో చేరేవాళ్ల పేరు లాక్కుంటుంది. అసలు పేరు మరిస్తే ఇంటిదారి తెలియదు. ఓగినో చిహిరో అనే పిల్ల పేరు జపాన్ లిపిలో నాలుగు అక్షరాలు. యుబాబా మూడింటిని ఊడబెరికి, ‘వెయ్యి’ అనే అర్థమున్న ఒక్కదాన్నే ఉంచుతుంది. ఒంటరిగా దాన్ని ‘సెన్’ అని చదువుతారు. అంటే పిలుపు కూడా మారిపోయింది! ఎంత క్రూరమైన దొంగతనమో.

హాకుకు మిగిలిందీ పేరులో ముక్కే. చిన్నప్పుడు తాను పడిన కొహాకు నదిని చిహిరో గుర్తుచేయగానే, ‘నిగిహయామి కొహాకునుషి’ అని తన పేరు తానే చెప్పుకుంటాడు. ‘నుషి’ అంటే అధిపతి. అప్పటికే ఆ నదిని పూడ్చి అపార్ట్‌మెంట్లు కట్టేశారు.