ఆకాశం నుంచి ఓడల కాలేజీ దాకా: రియర్ అడ్మిరల్ వెండీ కార్పెంటర్

ఈసారి సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని మన సంఘం పెద్దలు అడిగారు. యుద్ధాల గురించి, పరమవీరచక్ర గ్రహీతల గురించి మన సంచికల్లో ఇప్పటికే చాలామంది రాశారు. నేను సిగ్నల్స్ కోర్‌లో 28 ఏళ్లు చేసి సుబేదార్‌గా పెన్షన్ వచ్చినవాణ్ణి. అందుకే నా ట్రేడ్‌కు కొంచెం దగ్గరగా ఉండే కథ ఎంచుకున్నాను. ఈ కథలోని మనిషి మన దేశం ఆవిడ కాదు, మన సర్వీసూ కాదు. అయినా యూనిఫాం వేసుకున్నవాళ్లు, వేసుకుని విప్పినవాళ్లు తెలుసుకోదగ్గ కథ. ఆవిడే అమెరికా నేవీ రియర్ అడ్మిరల్ వెండీ కార్పెంటర్.

ఆనాటి రోజులు

ముందు ఆ రోజులు ఎలాంటివో చెప్పాలి. అమెరికాలో 1948లో ఒక చట్టం వచ్చింది. దాని వల్ల స్త్రీలకు సైన్యంలో శాశ్వత స్థానం దొరికింది గానీ, యుద్ధ విమానాలు, యుద్ధనౌకలు వాళ్లకు మూసేశారు. నేవీ పెద్దలు 1972లో ఆలోచన మార్చుకున్నారు. 1974 ఫిబ్రవరిలో బార్బరా అలెన్ అనే ఆఫీసరు అమెరికా నేవీలో పైలట్ వింగ్స్ తీసుకున్న మొదటి మహిళ అయింది. 1982లో, ట్రైనింగ్ ఇస్తూ ఉండగా జరిగిన ప్రమాదంలో ఆవిడ చనిపోయింది. వెనకాల వచ్చేవాళ్లకు దారి వేసిన ఆవిడ పేరు మనం ఒకసారి తలచుకోవడం ధర్మం.

కార్పెంటర్ ఆ దారిలోనే వచ్చారు. జార్జియా యూనివర్సిటీలో సైకాలజీ చదివారు. 1977లో నేవీలో చేరి, 1979లో పైలట్ అయ్యారు. యుద్ధ విమానాలు నడపడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి మిగతా పనుల్లోనే చోటు వెతుక్కోవాలి. అలా ఆవిడకు దొరికిన పని టకామో విమానాలు.

నీళ్ల కింద ఉన్నవాడికి మాట చేర్చడం

టకామో అంటే ఏమిటో సిగ్నల్స్ వాడిగా నాకు చెప్పాలని ఉబలాటం. మామూలు రేడియో తరంగం ఉప్పునీటిలోకి దిగదు. నీళ్ల కింద దాక్కున్న సబ్‌మెరైన్‌కు ఆర్డరు చేరాలంటే చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ కావాలి. దాన్నే వీఎల్ఎఫ్ అంటారు, 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ దాకా. అక్కడ ఒక్కొక్క తరంగం పొడవు 10 నుంచి 100 కిలోమీటర్లు. మనం హెచ్ఎఫ్ సెట్‌కు ఏరియల్ తీగ కట్టేటప్పుడు ఎంత కొలత చూసుకునేవాళ్లం! మరి ఇంత పొడుగు తరంగానికి ఎంత ఏరియల్ కావాలో ఊహించుకోండి.

నేల మీద పెద్ద పెద్ద టవర్లు కట్టొచ్చు. కానీ శత్రువు మొదటి దెబ్బ వాటి మీదే వేస్తాడు. అందుకని అమెరికావాళ్లు ఏరియల్‌ను విమానానికి కట్టారు. విమానం వెనక నుంచి కిలోమీటర్ల పొడవు తీగ వదులుతారు. తర్వాత విమానాన్ని ఒక పక్కకు బాగా వంచి గుండ్రంగా తిప్పుతారు. అప్పుడు తీగ దాదాపు నిలువుగా వేలాడుతుంది, తరంగం సముద్రంలోకి దిగుతుంది. మొదట హెర్క్యులిస్ రకం విమానాలు వాడారు. 1989 నుంచి బోయింగ్ 707 నమూనా మీద కట్టిన ఈ-6 విమానాలు వచ్చాయి. కార్పెంటర్ రెండు రకాలూ నడిపారు.

ఈ డ్యూటీలో బాంబులు వేయడం లేదు, పేపర్లో ఫొటో రాదు. ఏ రోజు ఆర్డరు వస్తుందో తెలియకుండా గంటల తరబడి గాలిలో సిద్ధంగా ఉండాలి. ఆర్డరు రాకపోవడమే అందరికీ మంచిది. రాత్రంతా సెట్ ముందు కూర్చుని ‘ఆల్ ఓకే’ రిపోర్ట్ ఇచ్చిన ప్రతి ఆపరేటర్‌కూ ఈ బాధ్యత బరువు తెలుసు.

ఈ విషయం మనకు దూరమేమీ కాదు. మన నేవీ వీఎల్ఎఫ్ కేంద్రం తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర ఐఎన్ఎస్ కట్టబొమ్మన్. రెండో దానికి తెలంగాణలో వికారాబాద్ జిల్లా దామగుండం అడవుల్లో 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. అడవి పోతుందని అక్కడివాళ్లు అభ్యంతరం చెప్పారు, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. సముద్రం లేని జిల్లాలో నేవీ స్టేషన్ ఎందుకని అడిగేవాళ్లకు మాత్రం పై వివరమే జవాబు.

అడ్మిరల్ హోదా, తర్వాత కాలేజీ

చట్టం 1991లో, 1993లో సడలింది. యుద్ధ విమానాలు, తర్వాత యుద్ధనౌకలు స్త్రీలకు తెరుచుకున్నాయి. కార్పెంటర్ మెట్టుమెట్టుగా ఎక్కి, అమెరికా నేవీ మహిళా పైలట్లలో అడ్మిరల్ స్థాయికి చేరిన మొదటి వ్యక్తి అయ్యారు. చివర్లో నార్‌ఫోక్‌లో నేవీ వార్‌ఫేర్ డెవలప్‌మెంట్ కమాండ్‌ను నడిపారు. రేపటి యుద్ధం ఎలా చేయాలో ఇవాళే ఆలోచించి పెట్టే ఆఫీసు అది.

2011లో సర్వీసు ముగించి, న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ మారిటైమ్ కాలేజీకి ప్రెసిడెంట్ అయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ ఆవిడే. 1874లో సెయింట్ మేరీస్ అనే పాత నేవీ ఓడ మీద మొదలైన బడి అది. ఇప్పుడు బ్రాంక్స్‌లో ఫోర్ట్ స్కైలర్ అనే పాత కోటలో ఉంది. మర్చంట్ నేవీ ఆఫీసర్లను తయారు చేస్తుంది. పిల్లలు వేసవిలో ట్రైనింగ్ షిప్ ఎక్కి సముద్రం మీద పని నేర్చుకోవాలి, లేకపోతే లైసెన్సు రాదు. మన దగ్గర 1927లో బొంబాయిలో డఫరిన్ ఓడ మీద మొదలై, 1972 నుంచి రాజేంద్ర ఓడ మీద నడిచిన చదువూ ఇలాంటిదే. ఆ బాటలోనిదే 2008లో ఏర్పడిన ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ. దాని క్యాంపస్ ఒకటి మన విశాఖలో ఉంది.

విమానం నడిపినావిడకు ఓడల కాలేజీ ఏమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది. జవాబు 2012 అక్టోబర్ చివర్లో కొంత దొరికింది. శాండీ తుఫాను న్యూయార్క్ మీద విరుచుకుపడింది. దివిసీమ ఉప్పెన గురించి పెద్దలు చెప్పగా విన్న మనకు సముద్రం ఊరి మీదికి వస్తే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. సహాయానికి వచ్చిన సిబ్బందికి ఉండటానికి చోటు లేకపోతే, ఈ కాలేజీ ట్రైనింగ్ షిప్ ఎంపైర్ స్టేట్‌నే బసగా ఇచ్చారు. చదువు చెప్పే ఓడ ఆపదలో ఆశ్రయం అయింది. అలాంటి వేళ సంస్థను నడపడానికి ఓడ తెలిసిన బుర్ర ఎంత కావాలో, కంగారు పడని బుర్రా అంతే కావాలి.

ఆవిడ పదవీకాలం ఎక్కువ లేదు. 2014లో కోస్ట్ గార్డ్ నుంచి వచ్చిన మైకేల్ అల్ఫుల్టిస్ ప్రెసిడెంట్ అయ్యారు. ఆయనా యూనిఫాం మనిషే. అక్కడ సర్వీసులో నేర్చినదాన్ని బళ్లకు అందించడం ఒక ఆనవాయితీగా ఉంది.

మనకేం సంబంధం?

మన వైపూ కాలం మారుతోంది. 2019 డిసెంబర్‌లో సబ్ లెఫ్టినెంట్ శివాంగి మన నేవీకి మొదటి మహిళా పైలట్ అయింది. 2025 జూలై 3న మన విశాఖ ఐఎన్ఎస్ డేగాలోనే ఆస్థా పూనియా వింగ్స్ అందుకుని, నేవీ ఫైటర్ విభాగంలోకి వెళ్లిన మొదటి అమ్మాయి అయింది. మన ఇళ్లలో ఆడపిల్లలకు ఈ పేర్లు చెప్పండి. ‘ఆర్మీ నీకెందుకమ్మా’ అనే మాట ఫౌజీ ఇంట్లో వినపడకూడదు.

రెండో మాట మన గురించి. నలభై, యాభై ఏళ్లకే పెన్షన్ వస్తుంది. ఆ తర్వాత మనలో చాలామంది ఏదో గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటున్నారు. పని ఏదైనా గౌరవమే, నేను కాదనను. కానీ ముప్పై ఏళ్లు జవాన్లకు క్లాసులు చెప్పిన హవల్దారు, సుబేదారు నోట్లో పాఠం అలాగే ఉండిపోతోంది. అడ్మిరల్ గారికి కాలేజీ దొరికింది. మనకు అంత పెద్దది అక్కర్లేదు. ఊళ్లో హైస్కూలు గ్రౌండు, ఐటీఐ వర్క్‌షాపు, సైన్యంలో చేరాలనుకునే పదిమంది కుర్రాళ్లు చాలు. మన సంఘం తరఫున జిల్లాకు ఒక్క చోటైనా ఇలాంటి పని మొదలుపెడితే, వచ్చే ఏడాది సంచికలో దాని గురించి రాసుకోవచ్చు. సిగ్నల్స్ పాఠం చెప్పడానికి నా పేరు ముందే రాసుకోండి.

జై హింద్.