కోరంగి ఓడలూ, రంగం నూడుల్సూ

సాయంత్రమైతే అమలాపురం గడియార స్తంభం సెంటర్లో ఫాస్ట్‌ఫుడ్ బండ్ల మీద ఇనుప బాండీలు మోగుతుంటాయి. ఎగ్ నూడుల్స్, చికెన్ నూడుల్స్, పక్కన మంచూరియా. చైనా వంట మన ఊరికి ఈ బండ్లతోనే వచ్చిందని చాలామంది నమ్మకం. కానీ కోనసీమ మనిషికి చైనావాళ్ల నూడుల్స్‌తో, మాంసం కూరిన బన్నుతో పరిచయం అంతకు చాలా ముందే అయింది. అది జరిగింది ఇక్కడ కాదు, బంగాళాఖాతం అవతలి ఒడ్డున, రంగూన్‌లో. మన పెద్దవాళ్ల మాటలో చెప్పాలంటే రంగంలో.

ఎదుర్లంక దగ్గర గౌతమి మీద బాలయోగి వంతెన దాటి, యానాం మీదుగా కాకినాడ దారి పడితే కోరంగి వస్తుంది. ఇప్పుడు అక్కడికి వెళ్లేవాళ్లంతా మడ అడవులు చూడటానికే వెళుతున్నారు. ఒకప్పుడది తూర్పు తీరంలో పేరున్న రేవు, ఓడలు కట్టిన ఊరు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి తుపానులు ఆ ఊరిని ముంచేశాయి. రేవు మేటవేసింది, వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. పేరు మాత్రం సముద్రం దాటి నిలబడింది. బర్మాలో తెలుగువాడు ఏ జిల్లా నుంచి వచ్చినా ‘కోరంగి’ అనే పిలిచారు. బ్రిటిష్ ప్రభుత్వ కాగితాల్లోనూ అదే మాట.

1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక బర్మాలోని ఐరావతి డెల్టా బియ్యం యూరప్‌కు ఓడల్లో పోవడం బాగా పెరిగింది. రంగూన్‌లో రైసు మిల్లులు లేచాయి, రేవులో బస్తాలు మోసే చేతులు కావలసివచ్చాయి. మేస్త్రీలు మన ఊళ్లకొచ్చి అడ్వాన్సులిచ్చి మనుషుల్ని పోగుచేశారు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి స్టీమర్లు ఎక్కించారు. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, గన్నవరం అక్విడక్టు మీదుగా గోదావరి నీళ్లు కోనసీమలోకి వచ్చాయి, సీమ పచ్చబడింది. అయినా మనుషులు ఓడెక్కారంటే ఆ పచ్చదనంలో సెంటు భూమి లేనివాళ్ల వాటా ఎంతో అర్థమవుతుంది. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొరను తలుచుకున్నప్పుడల్లా ఈ ఓడలనూ తలుచుకోవడం న్యాయం.

1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరం నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. రేవులో, మిల్లుల్లో, రిక్షాల దగ్గర తెలుగువాళ్లు. వాళ్లు రోజూ నడిచిన స్ట్రాండ్ రోడ్డు మీదే ఫుజియన్ ప్రాంతపు చైనీయుల గుడి ఉంది. ఇప్పటి మహాబందూల రోడ్డు మీద గ్వాంగ్‌డాంగ్ వాళ్ల కువాన్‌యిన్ అమ్మవారి గుడి. వెనక లాథా వీధుల్లో చైనా బజారు. భారతీయుల పేటలూ చైనీయుల పేటలూ పక్కపక్కనే. ఒకరి పొయ్యి పొగ ఇంకొకరి గుమ్మంలోకి వచ్చేంత దగ్గర.

ఆ పొయ్యిల మీద ఏముండేవో చూద్దాం. దక్షిణ చైనా రేవుల నుంచి వచ్చినవాళ్లది గోధుమ నూడుల్స్. ఉడకబెట్టి, వెల్లుల్లి వేయించిన నూనెలో కలిపి, పైన బాతు మాంసమో పంది మాంసమో వేసి పెట్టేవారు. బర్మావాళ్లు దీన్ని సీ-చెత్ ఖౌస్వే అంటారు. పౌక్‌సీ అనేది ఆవిరి మీద ఉడికిన తెల్లటి బన్ను, లోపల పందిమాంసం గానీ కోడిమాంసం గానీ కూరతారు. పూర్ణం కుడుములో బెల్లం, కొబ్బరి ఉండే చోట మసాలా పట్టిన మాంసం ఉందనుకోండి, అదీ దాని రూపం. పిండి మాత్రం పులిసిన గోధుమపిండి కాబట్టి దూదిలా పొంగుతుంది.

ఉత్తరపు కొండల వైపు నుంచి ఇంకో చైనా వచ్చింది. చైనాలోని యున్నాన్‌లో 1856 నుంచి 1873 దాకా చింగ్ ప్రభుత్వం మీద తిరుగుబాటు చేసిన ముస్లింలను బర్మాలో పాంథేలు అంటారు. ఓడిపోయాక చాలామంది సరిహద్దు దాటి వచ్చేశారు. వాళ్ల పాంథే ఖౌస్వేలో పంది ఉండదు, కోడికూర, మసాలాలతో నూడుల్స్. వీటన్నిటి పక్కన బర్మావాళ్ల సొంత సొగసు ఓన్-నో ఖౌస్వే. కొబ్బరిపాలలో కోడి ఉడికించి, శనగపిండితో చిక్కబరిచి, గోధుమ నూడుల్స్ మీద పోసి, ఉల్లిపాయ, ఉడికిన గుడ్డు, ఎండుమిరప కారం, నిమ్మరసం కలిపి తింటారు. ఇందులో నూడుల్స్ చైనావి, శనగపిండిలో మనవైపు జాడ కనబడుతుంది. ఇక కొబ్బరిపాల సంగతి కోనసీమవాళ్లకు ఒకరు చెప్పాలా!

అసలు చైనాలో నూడుల్స్ అంటే ఒకటి కాదు. గోధుమ పండే ఉత్తరాది నూడుల్స్ సీమ. లాన్‌జౌలో పిండిముద్దను చేత్తో సాగదీసి మడుస్తూ పోతారు. ఎనిమిది మడతలకు 256 పోగులవుతాయి. షాన్సీలో పిండిముద్దను చేతపట్టుకుని కత్తితో మరిగే నీళ్లలోకి చెక్కుతారు. సిచువాన్‌లో కావడి మోసి అమ్మిన దాన్‌దాన్ నూడుల్స్, యున్నాన్‌లో బియ్యపు నూడుల్స్. బన్నుల్లోనూ అంతే. టియాన్‌జిన్‌లో 1858 నాటి గౌబులి దుకాణం మాంసం బన్నుకు పెట్టే మడతలకు పేరుపడింది. షాంఘై వైపు లోపల పులుసు నిండిన చిన్న బన్నులు. చింగ్‌హాయ్ ప్రాంతంలోని లాజియా తవ్వకాల్లో బోర్లాపడిన గిన్నె కింద నాలుగు వేల ఏళ్లనాటి నూడుల్స్ దొరికాయని 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అవి చిరుధాన్యాల పిండితో చేసినవి.

మరి రంగం నుంచి డబ్బు, ట్రంకుపెట్టెలు, కథలు తెచ్చినవాళ్లు ఈ వంట ఎందుకు తేలేదు? గోధుమ పండని సీమ కావడం ఒక కారణం. దానికంటే పెద్దది ఇంకోటుంది. తొలినాళ్లలో వెళ్లింది ఎక్కువగా మగవాళ్లే. మూడు నాలుగేళ్లు కష్టం చేసి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లారు. వాళ్లు తిన్నారే గాని వండలేదు. వంట ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కదలాలంటే పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి కదలాలి. ఆ మనిషి కోనసీమలోనే ఉండిపోయింది, పిల్లలతో, ముసలి అత్తమామలతో, మనియార్డరు కోసం చూస్తూ.

కుటుంబాలు వెళ్లిన తర్వాత పరిస్థితి మారింది, కాలం మాత్రం కలిసిరాలేదు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీల సమ్మె తర్వాత రంగూన్ వీధుల్లో వాళ్ల మీద దాడులు జరిగాయి, వందకు పైగా చనిపోయారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు నగరం మీద బాంబులు వేశాయి. ఆ తర్వాతి నెలల్లో లక్షలమంది భారతీయులు అరకాన్ దారిన, మణిపూర్ దారిన కాలినడకన బయలుదేరారు. వేలాదిమంది దారిలోనే పోయారు. మిగిలినవాళ్లకు 1964లో బర్మాలో నెవిన్ సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేశాక, ఉన్నదంతా వదిలి ఓడెక్కడమే మిగిలింది.

ఈ చివరి ఓడలు తెచ్చింది కుటుంబాలను. వంట కూడా అప్పుడే దిగింది. చెన్నై రేవు దగ్గర బర్మా బజారు పక్క వీధుల్లో అథో అమ్ముతారు. నూడుల్స్‌లో క్యాబేజీ, ఉల్లి, చింతపండు పులుసు, వెల్లుల్లి నూనె, కారం వేసి చేత్తో కలిపి ఇస్తారు. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు వెలిసింది, అక్కడి ఇళ్లలో ఖౌస్వే, మొహింగా అనే చేపల పులుసు నూడుల్స్ వండుకున్నారు. రంగంలో మనవాళ్లు చైనా కొట్టు ముందు ఊరికే నడిచి వెళ్లిపోలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

గడియార స్తంభం దగ్గరి బండి వంశవృక్షం పూర్తిగా వేరు. పద్దెనిమిదో శతాబ్దం చివర కలకత్తా దగ్గర దిగి చక్కెర మిల్లు పెట్టిన తోంగ్ అచ్యూ అనే చైనీయుడితో అది మొదలవుతుంది. తర్వాత హక్కా చైనీయులు కలకత్తా తాంగ్రాలో తోళ్ల పరిశ్రమతో పాటు వంటశాలలూ పెట్టారు. 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ చికెన్ మంచూరియన్ చేశాడు. 1980ల్లో మ్యాగీ ఇంటింటికీ నూడుల్స్ అలవాటు చేసింది. అలా నలిగి నలిగి వచ్చిన వంట ఇది. రుచికి నేను వంక పెట్టను. పిల్లలు ఇష్టంగా తింటారు, ఒక కుటుంబం ఆ బాండీ మీద బతుకుతుంది. కానీ మన తాతలు తిన్న నూడుల్స్ ఇవి కావు. సోయా సాసులో, అజినమోటోలో ఫుజియన్, యున్నాన్ తేడాలేవీ మిగల్లేదు.

ఓన్-నో ఖౌస్వే వండాలంటే కావలసినవన్నీ అమలాపురం బజార్లోనే దొరుకుతాయి. కొబ్బరికి అంబాజీపేట మార్కెట్ ఉంది. కోడి, శనగపిండి, నిమ్మకాయ, ఎండుమిరప ఉండనే ఉన్నాయి. నూడుల్స్ ప్యాకెట్ ప్రతి కిరాణా కొట్లోనూ ఉంది. ఇంతమంది హోటల్ వాళ్లున్న కోనసీమలో ఒక్కరు దీన్ని మెనూలో పెట్టినా అది పరాయి వంట కాదు, మన వలస చరిత్రలో భాగమే అవుతుంది.

1964లో పదేళ్ల పిల్లగా ఓడ దిగిన ఆవిడకు ఇప్పుడు డెబ్భై దాటాయి. మీ ఇంట్లో గానీ, మీ చుట్టాల్లో గానీ రంగం నుంచి వచ్చినవాళ్లుంటే వెళ్లి పక్కన కూర్చోండి. వాళ్లమ్మ అక్కడ ఏం వండేదో, ఏ వీధిలో ఏం కొనుక్కుని తినేవారో అడగండి. కొలతలతో సహా రాసి పెట్టండి. ఆ పని వచ్చే సెలవుల్లోనే చేయండి.